సమాధానం: జులైలో తీరం పక్కన మంచు 60 శాతమేనా?

జులైలో, గడ్డకట్టే చలిలో, అంటార్కిటికాలోని టెర్రా నోవా బే తీరం పక్కన ఒక్కో పిక్సెల్ 25 కిలోమీటర్లుండే మీ ఉపగ్రహ మైక్రోవేవ్ డేటా 60 శాతం మంచే చూపిస్తోందని, కోడ్‌లో తప్పుందేమోనని అడిగారు. కోడ్ గురించి టెన్షన్ వద్దు. అక్కడ నిజంగానే పోలిన్యా, అంటే సముద్రపు మంచు మధ్య తెరుచుకునే నీటి ప్రాంతం, ఉంటుంది.

అంటార్కిటికా ఖండం లోపలి ఎత్తైన మంచు మీద నుంచి దిగే చల్లటి, బరువైన కటబాటిక్ గాలులు కొత్తగా పుట్టిన మంచును ఎప్పటికప్పుడు సముద్రంలోకి నెట్టేస్తాయి. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే మంచును సముద్రంలోకి నాలుకలా పొడుచుకొచ్చిన హిమానీనదపు మంచు, డ్రైగాల్స్కీ ఐస్ టంగ్, అడ్డుకుంటుంది. అందుకే నడి చలికాలంలోనూ నీళ్లు బయటపడతాయి, వెంటనే మళ్లీ గడ్డకడతాయి. ఆ పల్చటి, ఉప్పు మంచును మైక్రోవేవ్ అల్గారిథమ్‌లు సగం నీళ్లుగా లెక్కేస్తాయి. కాబట్టి మీ 60 శాతాన్ని 'నలభై శాతం ఖాళీ నీళ్లు' అని మాత్రం రాయకండి.

ఇంకో చిక్కు: తీరపు పిక్సెల్‌లో నేల సిగ్నల్ కలిసిపోతుంది. నేలను ఆనుకున్న ఒకటి రెండు పిక్సెళ్లు తీసేయండి. అసలు ఇంత చిన్న పోలిన్యాకు 25 కిలోమీటర్ల గ్రిడ్ పనికిరాదనే నా అభిప్రాయం. ఏఎంఎస్‌ఆర్-2 అనే జపాన్ ఉపగ్రహ మైక్రోవేవ్ సెన్సర్ నుంచి తీసిన 6.25 కిలోమీటర్ల డేటాకు మారండి.

సరిచూసుకోవడానికి యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ చిత్రాలు వాడండి. ధ్రువరాత్రి చీకటైనా, మబ్బున్నా వాటికి ఫరవాలేదు. గాలివాటుకు సాగిన ఫ్రాజిల్ మంచు (నీళ్లలో అప్పుడే పుట్టిన సన్నటి మంచు పలుకులు) చారలు కనిపిస్తే పోలిన్యా తెరుచుకున్నట్టే. నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ కెమెరా మామూలు ఫోటోలు చీకట్లో దండగ. దాని వేడిని పసిగట్టే థర్మల్ బ్యాండ్లు మాత్రం మబ్బు లేని రోజున పల్చటి మంచును చుట్టూ ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తాయి. ముందు ఒక్క వారం డేటాతో పోల్చి చూడండి, తేడా ఇంకా ఉంటే ఆ తేదీలు ఇక్కడ పెట్టండి.