కుక్కవామింటలో ‘కుక్క’ ఎందుకు?

సందేహం: ఇసుక నేలల్లో, దారి పక్కన పసుపుపచ్చ పూలతో పెరిగే ఒక మొక్కను మా ఇంట్లో కుక్కవాయింట అంటారు. ముట్టుకుంటే చేతికి అంటుకుంటుంది, వాసన ఘాటుగా ఉంటుంది. మా పాప స్కూల్ ప్రాజెక్టులో ఆ పేరే రాస్తే, ‘కుక్క’ అనడం బాగోలేదు, ‘పసుపు వామింట’ అని మార్చమన్నారు. మార్చాలా? వామింట, వావింట, వాయింట – వీటిలో ఏది సరైనది? ఆకును జిడ్డుగా ఉంది అనాలా, జిగటగా ఉంది అనాలా?

సమాధానం: పేరు మార్చకండి. మొక్కల పేర్లలో ‘కుక్క’ తిట్టు కాదు, గుర్తు. మనం తినేదో, పెంచుకునేదో ఒక మొక్క ఉండి, దాన్ని పోలిన మరొకటి బయట దానంతటదే మొలుస్తుంటే, రెండోదాని ముందు ఈ మాట చేరుతుంది. కుక్కతులసి, కుక్కపొగాకు అలా వచ్చినవే. వెర్రిపుచ్చలో ‘వెర్రి’, అడవి ఆముదంలో ‘అడవి’, కాకిదొండలో ‘కాకి’ చేసే పని కూడా ఇదే. కుక్కమూతి పిందె మాత్రం ఈ కోవలోకి రాదు. అక్కడ చెప్పేది పిందె ఆకారం.

ఇలాంటి పేర్లు చాలావరకు పైపై పోలికను బట్టి పెట్టినవి. కుక్కపొగాకునే చూడండి, అది చామంతి కుటుంబానిది. పొగాకేమో వంకాయ కుటుంబానిది. వామింట విషయంలో మాత్రం మనవాళ్ల చూపును మెచ్చుకోవాలి. తెల్ల పూల వామింట, పసుపు పూల కుక్కవామింట నిజంగానే దగ్గరి చుట్టాలు, ఒకే కుటుంబానివి. రెండింటికీ పువ్వుకు నాలుగు రేకులు, ఒకే కాడకు వేళ్లలా విచ్చుకున్న చిన్న ఆకులు, సన్నగా పొడుగ్గా కాయలు. తేడా చూడాలంటే పువ్వులోకి చూడాలి. తెల్లదానిలో ఆరు కేసరాలు ఒక కాడ మీద రేకులకన్నా పైకి లేచి ఉంటాయి. పసుపుదానిలో ఆ కాడ ఉండదు, కేసరాలూ ఎక్కువ. వామింట ఆకును కూర వండుకుంటారు. ‘పసుపు వామింట’ అంటే రంగు తెలుస్తుందే గానీ, ఇది ఆ కూరాకు కాదన్న సంగతి తెలియదు. ఆ హెచ్చరికంతా ‘కుక్క’ అన్న మాటలోనే ఉంది. అందుకే దాన్ని తీసేయడం నాకు నష్టంగా తోస్తుంది.

మన పక్కవాళ్లూ ఇదే దారిలో నడిచారు. తమిళంలో ఇది నాయ్‌క్కడుగు, కన్నడంలో నాయిసాసివె. రెండింటికీ అర్థం కుక్క ఆవాలు. అలాగని ఇది ఎందుకూ కొరగానిదని పాప చేత రాయించకండి. ఉత్తరాఖండ్‌లో ఈ గింజలనే జఖియా అంటారు, తాలింపులో ఇష్టంగా వేసుకుంటారు. శాస్త్రనామం క్లియోమి విస్కోసా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ఆ పేరులో ‘విస్కోసా’ అంటే జిగట గలది. ఆయన తన పేరుకు జిగటను పట్టుకున్నాడు, మనవాళ్లు చుట్టరికాన్ని పట్టుకున్నారు.

ఇక వర్ణక్రమం. మాట మధ్యలో మకారం వకారంగా వినపడటం తెలుగులో మామూలే. మామిడిని మావిడి అంటాం, ఏమిటిని ఏవిటి అంటాం. వామింట వావింట అయింది కూడా ఇలాగే. ‘వాయింట’లో ఇకారం ముందున్న ఆ వకారం ఇంకా జారి యకారమైంది. ఇంట్లో మీరు వాయింట అంటే తప్పేమీ కాదు, అలాగే అనండి. రాతలో మాత్రం వామింట రాస్తే ఎక్కువమందికి తెలుస్తుంది. ‘కుక్కవామింట’ను విడదీయకుండా ఒకే మాటగా రాయాలి, ఎందుకంటే అది ఒకే మొక్క పేరు. అన్నట్టు, ఈ పేరులో వాము ఉందని కొందరు అనుకుంటారు. వాము జీలకర్ర, కొత్తిమీరల కుటుంబానిది. రెండక్షరాలు కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కట్టేయకూడదు.

జిడ్డు అంటే నూనె, చమురు అంటినప్పటి నునుపు. జిడ్డు చేయి జారుతుంది, జిగట చేయి పట్టుకుంటుంది. ఈ మొక్క ఒంటినిండా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసల నుంచి ఊరే రసమే మన వేళ్లకు అంటుకునేది. కాబట్టి ‘ఆకులు, కాయలు జిగటగా ఉంటాయి, వాసన ఘాటుగా ఉంటుంది’ అని పాపను రాయమనండి.