తిరుపతికి రాత్రి బండి: ఏ దారి, ఏ బెర్తు?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నాన్నకు 71, అమ్మకు 66. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరినీ తీసుకుని నేనూ మా ఆవిడా తిరుపతి వెళ్దామనుకుంటున్నాం. నారాయణాద్రి, పద్మావతి, వెంకటాద్రి అని తలా ఒక పేరు చెబుతున్నారు. ఏది త్వరగా చేరుస్తుంది?

జవాబు: మీరైతే నారాయణాద్రే ఎక్కండి. త్వరగా చేరుస్తుందని కాదు, మీకు దగ్గర్లోని లింగంపల్లిలోనే బయల్దేరుతుందని. అక్కడ ఎక్కితే బండి ఖాళీగా ఉంటుంది, సామాన్లు సీటు కింద పెట్టుకుని అమ్మగారిని నిదానంగా కూర్చోబెట్టుకోవచ్చు. అదే సికింద్రాబాద్ అయితే సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడిదాకా పోవాలి, తర్వాత ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి, మెట్లు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రైలు ఎక్కకముందే సగం ప్రాణం పోతుంది.

మూడు బండ్లూ మూడు దారుల్లో పోతాయి, చాలామందికి ఈ సంగతి తెలియదు. నారాయణాద్రి నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా గుంటూరు వెళ్లి, తెనాలి దగ్గర మెయిన్ లైన్ ఎక్కి ఒంగోలు, నెల్లూరు, గూడూరు మీదుగా తిరుపతి చేరుతుంది. సికింద్రాబాద్ నుంచి లెక్కేస్తే 661 కిలోమీటర్లు. పద్మావతి కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ చుట్టి వస్తుంది కాబట్టి ఇంకో డెబ్బై కిలోమీటర్ల పైనే ఎక్కువ. వెంకటాద్రి ఈ రెండింటి జోలికే పోదు. కాచిగూడలో బయల్దేరి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, డోన్, గుత్తి, తాడిపత్రి, కడప మీదుగా రాయలసీమ గుండా వెళ్తుంది. దూరాల్లో ఇంత తేడా ఉన్నా ప్రయాణం మాత్రం ఏ బండిలోనైనా పదకొండు పన్నెండు గంటలకు అటూఇటూగానే ఉంటుంది. నడికుడి లైను దగ్గర దారే కానీ చాలావరకు సింగిల్ లైన్, ఎదురు బండి వస్తే ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. విజయవాడ దారి దూరమైనా పెద్ద లైను కాబట్టి బండి జోరుగా పోతుంది. అయినా రాత్రంతా పడుకునే పోతాం కదా, ఒక గంట ముందూ వెనకా అయితే ఏమవుతుంది? నా మటుకు నేను చూసేవి రెండే: ఎక్కేచోటు, దిగే వేళ.

దిగే వేళ దగ్గర మీ అమ్మగారి కోసం గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. నారాయణాద్రి, పద్మావతి తిరుపతిలోనే ఆఖరు. వెంకటాద్రి అలా కాదు, తిరుపతిలో కాసేపు ఆగి పాకాల మీదుగా చిత్తూరు వెళ్లిపోతుంది. నాలుగేళ్ల క్రితం ఇలాగే ముందుకు పోయే ఒక బండిలో మా అమ్మను తీసుకెళ్లాను. బండి ఆగింది, తలుపు దగ్గర ఎక్కేవాళ్లు అప్పుడే మెట్ల మీదకు వచ్చేశారు, అమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కుడికాలు కింది మెట్టు మీద పెట్టడానికి భయపడుతోంది, మెట్టుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య జానెడు పైనే సందు ఉంది. వెనక నుంచి ఎవరో తొందరపెడుతున్నారు. నేను ముందు దిగి ఆమె పాదం పట్టుకుని మెట్టు మీద ఆనించాను. ఆ రెండు నిమిషాల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు బండి ఆఖరు స్టేషన్‌లో దిగేలా చూసుకోండి, అందరూ దిగిపోయాక నిదానంగా దింపుకోవచ్చు. తిరుగు ప్రయాణంలోనూ అంతే, తిరుపతిలోనే బయల్దేరే బండి అయితే ఎక్కడానికి కంగారుండదు.

అలాగని వెంకటాద్రిని తక్కువ చేయడం లేదు. ఒంట్లో ఓపికున్న వయసులో ఒక్కసారైనా ఆ దారిలో వెళ్లాలి. రాజంపేట దాటి కోడూరు వచ్చేసరికి తెల్లారుతూ ఉంటుంది, ఒకపక్క అరటి తోటలు, మామిడి తోటలు, ఇంకోపక్క శేషాచలం కొండలు. స్లీపర్‌లో కిటికీ పక్కన కూర్చుంటే ఆ చల్లగాలి నేరుగా ముఖానికి తగులుతుంది.

ఇక బెర్తుల సంగతి. మీరు నలుగురూ కలిసి ఒకే టికెట్ తీస్తారేమో, అలా చేయకండి. 60 దాటిన మగవాళ్లకూ 45 దాటిన ఆడవాళ్లకూ లోయర్ బెర్త్ కోటా ఉంది, కానీ ఒంటరిగానో, అర్హులైన ఇద్దరే కలిసో వెళ్తున్నట్టు టికెట్ తీస్తేనే అది పనిచేస్తుంది. అమ్మానాన్నలకు ఆ కోటాలో విడిగా ఒక టికెట్, మీ ఇద్దరికీ ఇంకో టికెట్ తీయండి. బోగీలు వేరైతే ఎక్కాక ఎవరినైనా అడిగి మార్చుకోవచ్చు, మనవాళ్లు పెద్దవాళ్లని చూస్తే కాదనరు. డబ్బు కుదిరితే వాళ్లిద్దరికీ సెకండ్ ఏసీ తీయండి, అందులో మిడిల్ బెర్త్ ఉండదు, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నా తలకు ఏమీ తగలదు. థర్డ్ ఏసీలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మిడిల్ బెర్త్ వేసుకునే హక్కు అవతలివాళ్లకు ఉంది, అది వేశాక కింది బెర్త్ మీద నిటారుగా కూర్చోవడం కుదరదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాత్రి ఒకటికి రెండుసార్లు లేచి కూర్చుంటారు కదా.

టికెట్ ఎప్పుడు తీయాలంటే, 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది, అంతకుముందు 120 రోజులుండేది. 300 రూపాయల దర్శనం టికెట్లు మాత్రం టీటీడీ అంతకంటే ముందే ఆన్‌లైన్‌లో ఇస్తుంది. కాబట్టి ముందు దర్శనం తేదీ ఖాయం చేసుకుని, దాన్నిబట్టి రైలు రిజర్వేషన్ తెరిచే రోజు లెక్కేసి, ఆ పొద్దున ఎనిమిదింటికే కూర్చోండి. దర్శనం రోజు సాయంత్రానికే తిరుగు టికెట్ పెట్టుకోవద్దు. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, అమ్మగారు లడ్డూల లైను దగ్గర కూడా గడియారం చూసుకుంటూ నిలబడాల్సి వస్తుంది. ఒక రాత్రి అక్కడే ఉండండి. స్టేషన్ ఎదురుగానే విష్ణు నివాసం ఉంది.

ప్రశ్న: మాది హన్మకొండ. వరంగల్ నుంచి తిరుపతికి పద్మావతికి చూస్తే ఎప్పుడూ వెయిటింగ్ లిస్టే. ఏం చేయాలి?

జవాబు: మీకు పద్మావతే సరైన బండి, రాత్రి భోజనం చేసి వచ్చి ఎక్కొచ్చు. వరంగల్ నుంచి కాకుండా బండి బయల్దేరే స్టేషన్ నుంచి టికెట్ తీసి, బోర్డింగ్ పాయింట్ దగ్గర వరంగల్ అని పెట్టండి. ఛార్జీ కాస్త ఎక్కువవుతుంది కానీ, బయల్దేరే స్టేషన్ నుంచి వచ్చే జనరల్ వెయిటింగ్ లిస్టు, మధ్య స్టేషన్ల పూల్డ్ కోటా లిస్టు కంటే ముందు కన్‌ఫర్మ్ అవుతుంది. పద్మావతి వారంలో అన్ని రోజులూ ఉండదు, తేదీ చూసుకోండి. అదీ కుదరకపోతే తత్కాల్, ముందురోజు పొద్దున ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఐఆర్‌సీటీసీ ఖాతాలో ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, ఆ పని ముందే చేసి పెట్టుకోండి, పదింటికి కూర్చుని మొదలుపెడితే బెర్తులు అయిపోతాయి.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది. హైదరాబాద్ వచ్చి ఇంకో బండి ఎక్కడం మంచిదని మా బావ అంటున్నాడు. ఏది నయం?

జవాబు: మారకండి. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ చుట్టు తిరిగే మాట నిజమే, వికారాబాద్, తాండూరు, రాయచూర్, మంత్రాలయం రోడ్, గుంతకల్ మీదుగా కడప వైపు వస్తుంది, మీరు మధ్యాహ్నమే ఎక్కాలి. కానీ ఒకసారి సామాను సర్దుకుని కూర్చుంటే మళ్లీ తిరుపతిలోనే దించడం. మీ బావ చెప్పినట్టు చేస్తే మొదటి బండి ఆలస్యమైతే రెండోది పోతుంది. పైగా ఈమధ్య సికింద్రాబాద్ స్టేషన్‌లో పనులు జరుగుతున్నాయి, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అటు మారాయి. పిల్లలుంటే వాళ్లతో ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌కు ఆటోలో పరుగెత్తాల్సి రావచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని మధ్యాహ్నమే ఎక్కేయండి, రెండు పూటలకూ సరిపోయేలా.