శాంతి స్తూపం కట్టండి, అడవిలో మాత్రం వద్దు

ప్రశ్న: నమస్తే సార్. మాది మధురవాడ. రోజూ పొద్దున్నే కలిసి నడిచేవాళ్లం పాతికమందిమి ఉన్నాం, ఎక్కువమంది రిటైరైనవాళ్లమే. కంబాలకొండ అడవి లోపల పెద్ద శాంతి స్మారకం కట్టిస్తే టూరిస్టులు వస్తారని, మా ఏరియా కుర్రాళ్లకి నాలుగు పనులు దొరుకుతాయని అనుకుంటున్నాం. చందాలు ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. మా అమ్మాయి మాత్రం "అడవిలో సిమెంటు పోసి శాంతి అంటారేంటి నాన్నా" అని గొడవ పెట్టుకుంది. ఎవరిది రైటు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయిదే రైటండీ. మీ ఉద్దేశం మంచిదే, చోటే బాగోలేదు.

కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ చెట్టు కొట్టాలన్నా, నీటి దారి మళ్లించాలన్నా అది ఆ జంతువుల మేలు కోసమే అయ్యుండాలి, టూరిజం కోసం అంటే ఒప్పుకోరు. అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కూడా కావాలి. చందాలు పోగుచేశాక ఇదంతా తెలిస్తే తిరిగిచ్చే టెన్షన్ మీకే.

చట్టం సంగతి అలా ఉంచండి. స్మారకం కడితే దానికి రోడ్డు వేయాలి, ఆ రోడ్డుకి లైట్లు, బస్సులకి పార్కింగ్, పార్కింగ్ పక్కన మొక్కజొన్న పొత్తుల బండి, దాని చుట్టూ చిప్స్ ప్యాకెట్లు, వాటి కోసం కోతులు. చిరుతలు, కొండగొర్రెలు, అడవిపందులు ఉన్న చోటది. చీకటి పడ్డాక కదిలే జంతువులకి రాత్రంతా లైట్లు వేస్తే ఎటు పోతాయి? ఒకవైపు హైవే, చుట్టుపక్కల మన కాలనీలు. మన వీధుల్లోకే దిగుతాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన మర్నాడు మన కొండలు మీరూ చూసే ఉంటారు, ఆకన్నది లేకుండా నిప్పు పెట్టినట్టు మాడిపోయి. ఆ తర్వాత మా డాబా మీంచి మొదటిసారి కాస్త పచ్చదనం కనపడినప్పుడు పక్కింటావిణ్ని పిలిచి మరీ చూపించాను. అలా తిరిగొచ్చిన అడవిని మళ్లీ మన చేతులతో కొట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట. స్మారకం దగ్గరికి జనం వచ్చేది అక్కడ ఏదో జరిగింది కాబట్టి. ఒడిశాలో ధౌలి కొండ మీద శాంతి స్తూపం 1972లో కట్టారు, దాని కిందే అశోకుడి శాసనం బండ మీద ఉంది, కళింగ యుద్ధం తలుచుకునే చోటు అది. హిరోషిమాలో బాంబు పడ్డ చోటే పార్కు చేశారు. మరి కంబాలకొండలో మీ స్మారకం ఏం చెబుతుంది? ఫోటో దిగి వెళ్లిపోతారంతే.

మన ఊరికి చెప్పుకోవడానికి కథ లేక కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన పోర్టు మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు. ఇప్పుడు బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయ స్మారకం, కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం, అన్నీ యుద్ధాన్ని గుర్తు చేసేవే, టూరిస్టులు రోజూ వచ్చేదీ అక్కడికే. శాంతి మాట వినిపించాల్సింది అక్కడ. ఆ దగ్గర్లో ఉన్న పార్కులోనో, పాత ఊర్లోనో చిన్నగా కట్టినా చాలు.

కొండ మీద ప్రశాంతతే కావాలంటే తొట్లకొండ ఉంది కదండీ. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు బండ తొలిచి తొట్లు చేసి వాననీళ్లు పట్టుకున్నారు, ఆ పేరూ వాటివల్లే. మీ కుర్రాళ్లని అక్కడ గైడ్లుగా తయారు చేయండి, అడవిలో పక్షుల్ని చూపించడం నేర్పండి, పనులు అలాగూ దొరుకుతాయి.

ముందు మాత్రం మీవాళ్లలో, చుట్టాల్లో తొంభై దాటినవాళ్లు ఎవరున్నారో వాకబు చేయండి. బాంబులు పడ్డ రోజు ఎక్కడున్నారో, ఏం పట్టుకుని బయల్దేరారో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పక్కన మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి.