క్లోరిన్ కలిపిన నీటికి ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంపులోకి మెట్రో వాటరు, బోరు నీళ్లు రెండూ వస్తాయి. అసోసియేషన్ వారు అందులో బ్లీచింగ్ పౌడర్ కలిపిస్తారు. క్లోరిన్ వల్ల హానికరమైన పదార్థాలు పుడతాయని విని ఒక ల్యాబ్‌ను అడిగితే, ట్రైహాలోమీథేన్ల పరీక్ష, ఏఓఎక్స్ పరీక్ష అని రెండున్నాయన్నారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? మేము ఏది చేయించుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ రెండు పరీక్షలు చెప్పే సంగతులు వేరు. పూండి, పుళల్ వంటి చెరువుల నీటిలో కుళ్లిన ఆకులు, నాచు నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఎంతో కొంత కరిగి ఉంటుంది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ మోసుకొచ్చే కృష్ణా నీరూ అందుకు మినహాయింపు కాదు. క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతూనే ఈ పదార్థంతోనూ చర్య జరిపి క్లోరిన్, బ్రోమిన్ పరమాణువులున్న సేంద్రియ పదార్థాలను పుట్టిస్తుంది. క్లోరోఫాం ఇలా పుడుతుందని నెదర్లాండ్స్ రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ 1974లో ప్రకటించారు. ఆ తరువాత ఇలాంటివి కొన్ని వందలు గుర్తించారు, ఇంకా పేరు తెలియనివీ చాలా ఉన్నాయి.

ట్రైహాలోమీథేన్ల పరీక్ష వీటిలో నాలుగింటిని మాత్రమే పేరుపేరునా కొలుస్తుంది: క్లోరోఫాం, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫాం. ఇవి సులభంగా ఆవిరయ్యేవి కాబట్టి నీటి నుంచి ఆవిరిగా వేరుచేసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి, అంటే ఆవిరిలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలోకి, పంపుతారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు వరుసగా 0.2, 0.06, 0.1, 0.1 మిల్లీగ్రాములను హద్దులుగా పెట్టింది. కనుక వచ్చిన అంకెను దేనితో పోల్చాలో మీకు తెలుస్తుంది.

ఏఓఎక్స్ అంటే బొగ్గుకు పట్టుకునే సేంద్రియ హాలోజన్ పదార్థాలు; క్లోరిన్, బ్రోమిన్, ఫ్లోరిన్ వంటి మూలకాలను హాలోజన్లంటారు. ఈ పరీక్ష పేర్లు అడగదు, మొత్తాన్ని తూస్తుంది. నీటిని నత్రికామ్లంతో ఆమ్లీకరించి, సన్నని యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) పొడితో కలిపి గిలకొడితే సేంద్రియ హాలోజన్ పదార్థాలు బొగ్గుకు పట్టుకుంటాయి. ఆ బొగ్గును నైట్రేట్ ద్రావణంతో కడిగి మామూలు ఉప్పులోని క్లోరైడ్‌ను తొలగిస్తారు. తరువాత ఆక్సిజన్‌లో 950 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడిలో కాల్చి, విడుదలైన హైడ్రోజన్ క్లోరైడ్ వంటి వాయువులను వెండి అయాన్లతో చర్య జరిపించి, అందుకు ఖర్చయిన విద్యుత్తును బట్టి లెక్క కడతారు. ఫ్లోరిన్ ఇందులోకి రాదు, ఎందుకంటే సిల్వర్ ఫ్లోరైడ్ నీటిలో కరిగిపోతుంది.

మీ ప్రాంతంలో ఈ పరీక్షకు రెండు చిక్కులున్నాయి. సముద్రం దగ్గరి బోరులో ఉప్పదనం చేరి, క్లోరైడ్ లీటరుకు ఒక గ్రాము దాటితే కడిగినా కొంత బొగ్గులోనే మిగిలి అంకెను లేనిపోనిదిగా పెంచుతుంది. అటువంటి నీటిని ముందే పలుచన చేయాలి. ల్యాబ్ వారికి క్లోరైడ్ ఎంతుందో తప్పక చెప్పండి. రెండో చిక్కు ఇంతకంటే లోతైనది. సముద్రపు నీటి జాడ ఉన్నచోట బ్రోమైడ్ కూడా ఉంటుంది, దానివల్ల బ్రోమిన్ పదార్థాలు ఎక్కువగా పుడతాయి. ఏఓఎక్స్ ఫలితాన్ని మాత్రం అంతా క్లోరినే అన్నట్టు లెక్కిస్తారు. 100 మైక్రోగ్రాముల క్లోరోఫాం అందులో సుమారు 89గా కనబడితే, అంతే బరువున్న బ్రోమోఫాం 42గానే కనబడుతుంది. అంకె చిన్నదని ఊరట చెందడానికి వీల్లేదు.

అందుకని మీరు ముందుగా ట్రైహాలోమీథేన్ల పరీక్షే చేయించుకోవాలని నా సలహా. ఐఎస్ 10500 తాగునీటికి ఏఓఎక్స్ హద్దును నిర్ణయించలేదు, కాబట్టి అది ఒక్కసారి చేయిస్తే తీర్పు రాదు. బోరు నీళ్లు కలిపినప్పుడూ కలపనప్పుడూ పోల్చి చూడటానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

నమూనా తీయడంలో అజాగ్రత్త జరిగితే ఎంత ఖరీదైన యంత్రమైనా నిజం చెప్పలేదు. మిగిలిన క్లోరిన్‌ను చంపే మందు, అంటే సోడియం థయోసల్ఫేట్ వంటిది, ముందే వేసి ల్యాబ్ వారు ఇచ్చే సీసాలోనే నీళ్లు పట్టండి. ఆ మందు లేకపోతే దారిలో కూడా చర్య సాగి, చెన్నై ఎండకు మరింత వేగంగా సాగి, మీ కుళాయిలో లేని మోతాదు సీసాలో పుడుతుంది. పైన గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి మూత బిగించి, మంచు పెట్టెలో పంపండి. సీసాను ముందు కడగకండి, మందు కొట్టుకుపోతుంది.

ఫలితం ఎక్కువగా వచ్చినా బ్లీచింగ్ పౌడర్ మానేయమని దయచేసి ఎవరికీ చెప్పకండి. కలరా, టైఫాయిడ్‌ల ముప్పు ఈ పదార్థాల ముప్పు కంటే చాలా దగ్గరిది. సంపు అడుగున పేరుకున్న బురద తీయించడం, కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూస్తూ అంతకుమించి గుప్పించకపోవడం చేయవలసిన పనులు.

ప్రశ్న: నీళ్లు కాచితే క్లోరిన్ వల్ల పుట్టే ఈ పదార్థాలు పోతాయా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మూత తీసి మరిగిస్తే ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఆవిరిలో వెళ్లిపోతాయి, వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. అదే చర్యలో పుట్టే హాలోఎసిటిక్ ఆమ్లాలు మాత్రం ఆవిరిలో పోవు. ఎక్కువసేపు మరిగిస్తే నీరు తగ్గి వాటిలో కొన్ని మరింత చిక్కబడవచ్చు. వాటిని తెలుసుకోవడానికి వేరే పరీక్ష ఉంది; అందులో ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా మార్చి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో కొలుస్తారు.