గుడ్డు పెట్టిన కోడి సుఖంగా ఉన్నట్టేనా?

ప్రశ్న: మాది తణుకు దగ్గరి పల్లె. మా మేనమామ గారు లేయర్ ఫారం (గుడ్ల కోళ్ల ఫారం) నడుపుతున్నారు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి, కోళ్లను పంజరాల్లో పెట్టడం క్రూరత్వమని ఆయనతో వాదించింది. "సుఖంగా లేని కోడి గుడ్డెలా పెడుతుంది?" అని ఆయన అడిగితే జవాబు చెప్పలేకపోయింది. ఆయన మాట నిజమేనా? మా అమ్మాయి వాదనకు చట్టంలో ఆధారం ఉందా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ మేనమామ గారి మాటలో కొంత నిజముంది. జబ్బు చేసినా, దాహం తీరకపోయినా, మే నెల ఎండకు షెడ్డు ఉడికిపోయినా గుడ్లు తగ్గుతాయి. అయితే గుడ్లు తగ్గలేదు కనుక కోడికి బాధ లేదనుకోవడం పొరపాటు. గుడ్డు పెట్టడం పెట్ట ఇష్టాయిష్టాలతో జరిగే పని కాదు. వెలుతురు సోకినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే హార్మోన్లు అండాశయాన్ని పనిచేయిస్తాయి. షెడ్డులో పొద్దుగూకినా బల్బులు వేసి రోజుకు పదహారు గంటల వెలుతురు ఉండేలా చూసేది అందుకే. మన కోళ్లకు మూలమైన అడవి కోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే, ఏరి ఏరి వృద్ధి చేసిన నేటి జాతి పెట్ట మూడు వందలకు పైగా పెడుతుంది. అన్ని పెంకులకు సరిపడా సున్నం దాణాలో అందనప్పుడు ఒంట్లోని ఎముకల నుంచే పోతుంది. కదలిక కూడా లేని ఎముకలు ఎంత పెళుసుబారతాయంటే, చివర్లో పంజరం నుంచి లాగేటప్పుడు చేతుల్లోనే విరుగుతాయి.

ఇంట్లో నాటు పెట్ట గుడ్డుకొచ్చినప్పుడు ఏం చేస్తుందో మీరు చూసే ఉంటారు. అటకెక్కుతుంది, గడ్డివాములో దూరుతుంది, చాటు దొరికేదాకా కుదురుగా ఉండదు. పంజరంలోని పెట్టకూ అదే ఆరాటం ఉంటుంది; చాటు మాత్రం దొరకదు, తీగ మీద అటూ ఇటూ మసలి అక్కడే పెడుతుంది. ఈసారి ఫారానికి వెళ్లినప్పుడు దాని పాదాలు చూడండి. నేలను గీరే వీలు లేక గోళ్లు పెరిగి వంకర తిరిగి ఉంటాయి. మెడ మీద ఈకలు తీగల రాపిడికి ఊడిపోయి ఉంటాయి. మన దేశంలో చాలా పంజరాల్లో ఒక్కో కోడికి దక్కేది సుమారు 450 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక ఏ4 కాగితం కంటే తక్కువ. ఆ చోటులో రెక్క చాపడం కుదరదు.

ఇక చట్టం సంగతి. ప్రఖ్యాత నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టినందువల్ల రూపుదిద్దుకున్న 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సరిగ్గా కదలడానికి ఎత్తు, పొడవు, వెడల్పు చాలని పంజరంలో జంతువును ఉంచడం నేరమని పదకొండో సెక్షన్‌లో స్పష్టంగా చెబుతోంది. చట్టాల సంస్కరణపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2017లో తన 269వ నివేదికను లేయర్, బ్రాయిలర్ కోళ్ల కోసమే కేటాయించి, ప్రత్యేక నియమాల ముసాయిదాను కూడా జతచేసింది. యూరోపియన్ యూనియన్ 1999లో నిర్ణయించి, రైతులకు పన్నెండేళ్లకు పైగా గడువిచ్చి, 2012 జనవరి 1 నుంచి ఉత్త తీగ పంజరాలను నిషేధించింది. మన చట్టంలో మొదటి నేరానికి జరిమానా మాత్రం ఈనాటికీ 10 నుంచి 50 రూపాయలే. చట్టం ఉండీ కోడికి ఒరిగింది లేదన్న బాధ నాకుంది.

అలాగని మీ మేనమామ గారిని క్రూరుడనవద్దని అమ్మాయికి చెప్పండి. రెట్ట కిందకు జారిపోవడం వల్ల పంజరాల్లో కొన్ని జబ్బులు తగ్గే మాట నిజం; పైగా అప్పు తెచ్చి కట్టిన షెడ్డును రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేరు. ఆయన ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈకలు రాల్పించి మళ్లీ గుడ్లకు తేవడానికి కోళ్లను పస్తు పెట్టే పద్ధతి ఫారంలో ఉంటే మానేయాలి. వచ్చే బ్యాచ్‌లో ఒక వరుస వరకైనా పంజరానికి ఒక కోడిని తగ్గించి వేయమనండి. ఆ వరుసలో చనిపోయిన కోళ్లను, పగిలిన గుడ్లను విడిగా రాసి ఉంచి, ఏడాది చివర ఆ లెక్కను పక్క వరుస లెక్కతో మామయ్య, మనవరాలు కలిసి పోల్చి చూడవచ్చు.