పెచ్చులూడుతున్న వంటింటి తలుపులు

ప్రశ్న: మా ఇల్లు 1994లో కట్టింది. జూలైలో వంటింటి అలమారల పదకొండు టేకు తలుపులకు నేనే ఎనామిల్ రంగు వేశాను. అడుగున పాత ఆకుపచ్చ రంగు ఉంది. తడిగుడ్డతో తుడిచి, ఒకే రోజు రెండు పూతలు వేశాను. రంగు చిక్కగా ఉందంటే దుకాణంలో కిరోసిన్ కలపమన్నారు. నెలన్నర గడిచినా పొయ్యి వైపు తలుపులు చేతికి అంటుకుంటున్నాయి. పిడుల దగ్గర పెచ్చులు లేస్తున్నాయి. బతుకమ్మకు మా అమ్మాయి, మూడేళ్ల మనవరాలు వస్తారు. ఇంకో పూత వేస్తే సర్దుకుంటుందా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఇంకో పూత మాత్రం వేయకండమ్మా. అడుగున పట్టు లేదు కాబట్టి అదీ ఊడిపోతుంది.

చేతికి అంటుకోవడానికి కారణం కిరోసిన్. అది టర్పెంటైన్‌లా త్వరగా ఆవిరి కాదు, రంగులో జిడ్డు మిగులుస్తుంది. దానికి వానాకాలపు తేమ తోడైంది, మొదటి పూత ఆరకముందే రెండోది పడింది. పెచ్చుల సంగతి వేరు. ముప్పై ఏళ్ల పోపు ఆవిరి ఆ ఆకుపచ్చ రంగు మీద పేరుకుని ఉంటుంది, తడిగుడ్డకు అది పోదు. నిర్మల్‌లో బొమ్మలు చేసేవారు పొనికి కర్రకు ముందు చింతగింజల ముద్ద పట్టించి నునుపు చేస్తారు. రంగు ఆ తరువాతే. ఆ ఓపిక మన వంటింటి తలుపుకూ కావాలి.

రంగు పట్టు చూడటానికి ఒక్కో తలుపు మీద బ్లేడుతో అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి లాగండి. రంగు గడులు గడులుగా టేపుతో వచ్చేస్తే ఆ తలుపు మీది కొత్త రంగంతా తీయవలసిందే. జిగురుగా ఉన్నచోట టర్పెంటైన్ గుడ్డతో తుడుస్తూ, మొద్దు రేకుతో గీకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమల్లోకి రాలేదు. మీ ఆకుపచ్చ రంగు అంతకు చాలా ముందుది, అందులో సీసం ఎక్కువే ఉండవచ్చు. దాన్ని పొడిగా రుద్దకండి. వాటర్ పేపర్‌ను (నీటితో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి, మాస్కు కట్టుకోండి, ఆ మడ్డిని సంచిలో కట్టి పారేయండి. పని ముగిసేదాకా మనవరాలిని ఆ దరిదాపులకు రానీయకండి.

అందుకే బతుకమ్మలోగా ముగించాలని తొందరపడవద్దు. పండుగకు తలుపులు తీసేసి తెర కట్టండి. తీసేటప్పుడు వెనుక పెన్సిలుతో నంబర్లు వేసుకోండి, లేకపోతే బందులు కలవవు. వానలు తగ్గాక చాకలి సోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, మంచినీటితో రెండుసార్లు తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. 220 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా తడిగానే రుద్దండి. గుంటలకు లప్పం, ఆపై రంగుకు పట్టునిచ్చే ప్రైమర్ పూత. తలుపులు బల్లపరుపుగా పరిచి, టర్పెంటైన్ కొద్దిగా కలిపిన రంగును రెండు పలుచని పూతలు వేయండి. ఒక్కో పూతకు ఒక రోజు ఎడం ఇవ్వండి.

ముందు పొయ్యి పక్క తలుపు ఒక్కటే చేసి చూడండి. పది రోజుల తరువాత గోటితో గీరినా గీత పడకపోతే మిగతా పదీ మొదలుపెట్టండి.