పొడపత్రి సంగతి తర్వాత.. ముందు ఆ పుండు చూపించండి

ప్రశ్న: నా వయసు 54. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడేవాణ్ని. తెలిసినవాళ్లు పొడపత్రి, నేరేడు గింజలు, తిప్పతీగ కలిపిన పొడి ఇస్తే, మాత్రలు ఆపి నెల రోజులుగా అదే వేసుకుంటున్నాను. పరగడుపు షుగర్ 210 నుంచి 150కి దిగింది. ఇంకో రెండు నెలలు ఇలాగే పరీక్షించి చూడొచ్చా? కుడికాలి బొటనవేలి కింద మూడు వారాలుగా చిన్న పుండు ఉంది, నొప్పేమీ లేదు.
- ఒక పాఠకుడు, నరసరావుపేట

సలహా: మీరు చివర్లో రాసిన పుండు గురించే ముందు చెప్తాను. నొప్పి లేదన్నారే, నా కంగారంతా అక్కడే. షుగర్‌తో నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పోయిన నెల ఒకాయన ఇలాగే ‘నొప్పి లేదు కదా సార్’ అంటూ సాక్సు విప్పారు. అది చీముతో వేలికి అతుక్కుపోయి ఉంది. చివరికి వేలు తీసేయాల్సి వచ్చింది. మీది అంతదాకా వచ్చిందని చూడకుండా అనను. కానీ రేపే సర్జన్‌కు చూపించండి. ఎరుపు, వాపు, దుర్వాసన, జ్వరం, వీటిలో ఏది ఉన్నా ఈ రాత్రికే వెళ్లండి. పసుపు, ఆకుపసరు పెట్టకండి. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవకండి.

ఇక పొడి. మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. మీరు ఆపేసిన మెట్‌ఫార్మిన్‌కు మూలం గలీగా అనే మొక్కే. అందులోని అసలు పదార్థం విషపూరితం కావడంతో దానికి దగ్గరి రసాయనాలను వెతికి, పరీక్షించి, 1957లో ఫ్రాన్స్‌లో మందుగా తెచ్చారు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనూ మెంతులను రోజుకు 25 గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు, షుగర్ తగ్గింది. వాళ్లు ఎంత ఇచ్చారో, ఎన్నాళ్లిచ్చారో లెక్క ఉంది. మీ డబ్బాలో ఏది ఎంత ఉందో ఇచ్చినవాళ్లకైనా తెలుసా?

పొడపత్రి ఆకు కాలేజీ రోజుల్లో నేనూ నమిలాను. తర్వాత నోట్లో వేసుకున్న చక్కెర ఇసుకలా తగిలింది. నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో షుగర్ తగ్గినట్టు కాదు. రక్తంలోనూ కొంత తగ్గిస్తుందని చిన్న అధ్యయనాలున్నాయి కానీ, మాత్రలు మానేసేంత బలమైన రుజువు లేదు.

మీరు చేసుకున్నది పరీక్ష కాదండీ. పొడి మొదలుపెట్టాక అన్నం తగ్గించారా, నడక పెంచారా, రాయలేదు. మాత్రలు ఆపినా అంత దిగిందంటే నాకు ఇంకో అనుమానం. ఇలాంటి పొడుల్లో చెప్పకుండా షుగర్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు వస్తున్నాయా? వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి, ఆస్పత్రికి వెళ్లండి. పైగా తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు రాశారు.

మాత్రలు మీ అంతట మీరే ఆపడం తప్పు. అలాగని ఇప్పుడు పొడితో పాటు పాత మోతాదు వేసుకోకండి, షుగర్ మరీ పడిపోవచ్చు. పొడి ఆపండి. మాత్రలు ఎలా మొదలుపెట్టాలో రేపే మీ డాక్టరును అడగండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్షలు అవసరం కావచ్చు, అది చూసినవారే నిర్ణయించాలి. ఆ పొడి డబ్బా కూడా పట్టుకెళ్లండి. తిడతామని చాలామంది దాస్తారు. తిడతాం, నిజమే. అయినా పట్టుకెళ్లండి.